ఫోటోకి ఫోటో



మన ఇళ్ళల్లో గోడకి ఒక ఫోటో వేలాడుతూ ఉంటుంది. అది అమ్మది కావచ్చు. నాన్నది కావచ్చు. చిన్నప్పుడే పోయిన బిడ్డది కావచ్చు. దానికి బొట్టు పెడతాం. పండగనాడు పూలదండ వేస్తాం. కొన్ని ఇళ్ళల్లో ఫోటో గోడ మీద ఉండదు. ట్రంకు పెట్టె అడుగున, చీర మడతలో ఉంటుంది.

అలాంటి ఫోటోలు ఎన్ని ఉంటాయి? చాలా ఇళ్ళల్లో ఒక్కటే ఉంటుంది. పోయిన మనిషికి మళ్ళీ ఫోటో తీయించలేం. ఆ ఒక్కటీ పోతే ఆ ముఖమే పోయినట్టు. పిల్లలకి "మీ అమ్మమ్మ ఇలా ఉండేది" అని చూపించడానికి ఏమీ మిగలదు.

మన కొయ్యూరు వైపు వానలు ఎక్కువ. గోడలు చెమ్మగిల్లుతాయి. పొయ్యి పొగ ఇల్లంతా కమ్ముతుంది. చెద పడుతుంది. ఇవన్నీ ఫోటోకి శత్రువులే. అందుకే ఉన్న ఫోటో చూసి ఇంకో ఫోటో తీయించుకోవాలి. దీన్ని కాపీ తీయడం అంటారు.

కాపీ తీయడం తేలికే అనిపిస్తుంది. కానీ అందులో ఒక చిక్కు ఉంది. ప్రతి కాపీలోనూ కొంత పోతుంది. ఏం పోతుంది? ఎందుకు పోతుంది? పోకుండా పాతకాలం ఫోటో పనివాళ్ళు ఏం చేసేవారు? ఇప్పుడు మనం ఏం చెయ్యాలి? ఈ పాఠంలో చదువుదాం.

ఫోటో ఎలా పడుతుంది?

ఇప్పుడు ఫోనుతోనే ఫోటో తీస్తున్నాం. ఇంతకు ముందు కెమెరాలో ఫిలిం రీలు వేసేవారు. ఫిలిం అంటే పల్చటి ప్లాస్టిక్ పట్టీ. దాని మీద జిగురు పూత ఉంటుంది. ఆ జిగురు పశువుల ఎముకల నుంచి, తోళ్ళ నుంచి తీస్తారు. జిగురులో వెండి కలిసిన ఉప్పులాంటి పదార్థం ఉంటుంది. అవును, మన పట్టీల్లో ఉండే వెండే!

ఆ వెండి ఉప్పుకి వెలుతురు తగిలితే మార్పు వస్తుంది. కానీ ఆ మార్పు కంటికి కనిపించదు. ఫిలింని చీకటి గదిలో మందునీళ్ళల్లో కడగాలి. అప్పుడు వెలుతురు తగిలిన చోట నల్లబడుతుంది. వెలుతురు తగలని చోట తెల్లగా, అద్దంలా ఉండిపోతుంది. అంటే అంతా తిరగబడి కనిపిస్తుంది. తెల్ల చీర నల్లగా పడుతుంది. నల్ల జుట్టు తెల్లగా పడుతుంది. దీన్నే నెగటివ్ అంటారు.

నెగటివ్ మీదుగా వెలుతురు పంపి, కాగితం మీద పడేలా చేస్తారు. అప్పుడు మళ్ళీ ఒకసారి తిరగబడుతుంది. తెల్లది తెల్లగా, నల్లది నల్లగా వస్తుంది. అదే మన చేతికి వచ్చే ఫోటో. నెగటివ్ ఒకటి ఉంటే చాలు, ఎన్ని ఫోటోలైనా వేసుకోవచ్చు. అందుకే పాత స్టూడియో వాళ్ళు నెగటివ్‌లు కవర్లలో పెట్టి, నంబరు వేసి దాచేవారు. మీ ఇంట్లో పాత నెగటివ్‌లు ఉంటే పారేయకండి. అవి విత్తనాల్లాంటివి.

స్లైడ్ అంటే ఏమిటి?

పెద్దవాళ్ళకి గుర్తుండే ఉంటుంది. సినిమా హాల్లో ఆట మొదలయ్యే ముందు తెర మీద కదలని బొమ్మలు పడేవి. చీరల కొట్టు పేరు, సబ్బు బొమ్మ, పొగ తాగవద్దనే మాట కనిపించేవి. వాటిని స్లైడ్లు అనేవారు. కొన్ని గాజు మీద చేత్తో రాసినవి. కొన్ని ఫిలిం మీద ఫోటో తీసినవి. కాలేజీల్లో, ఆరోగ్య శిక్షణల్లో, వ్యవసాయ శిక్షణల్లో కూడా స్లైడ్లు చూపించేవారు.

రంగుల స్లైడ్ చిన్నది. మామూలుగా బొమ్మ 36 మిల్లీమీటర్ల పొడవు, 24 మిల్లీమీటర్ల వెడల్పు ఉంటుంది. అగ్గిపెట్టె కన్నా చిన్నదన్నమాట. వెలుతురుకి ఎదురుగా పట్టుకుంటే అసలు రంగులే కనిపిస్తాయి. ఎరుపు ఎర్రగా, పచ్చ పచ్చగా ఉంటుంది. ఇది నెగటివ్ లాగా తిరగబడదు. అమెరికాలో కోడాక్ కంపెనీ 1935లో కోడాక్రోమ్ అనే రంగుల ఫిలిం తెచ్చింది. ఆ తరవాత స్లైడ్లు లోకమంతా వ్యాపించాయి.

అయితే స్లైడ్‌కి ఒక ఇబ్బంది ఉంది. కెమెరాలో వేసిన ఫిలిమే కడిగాక స్లైడ్ అవుతుంది. దానికి వేరే నెగటివ్ ఉండదు. ఉన్నది ఒక్కటే. అది గీసుకుపోయినా, బూజు పట్టినా, పోగొట్టుకున్నా మరోటి లేదు. మన గోడ మీది ఫోటో కూడా ఇంతే కదా! అందుకే స్లైడ్ కాపీ తీసే పనిని పాత పనివాళ్ళు ఎంత జాగ్రత్తగా చేసేవారో తెలుసుకుంటే మనకి పనికొస్తుంది.

ఉప్పు వేసిన కూరకి మళ్ళీ ఉప్పు

స్లైడ్‌ని ఇంకో మామూలు స్లైడ్ ఫిలిం మీద ఫోటో తీస్తే సరిపోదా? చాలామంది అలాగే తీసి చూశారు. కాపీ బాగా రాలేదు. తెల్లటి చోట్లు సున్నం కొట్టినట్టు తేలిపోయాయి. నల్లటి చోట్లు బొగ్గులా అయిపోయాయి. తెల్ల చీర మీద సన్న అంచు కనిపించలేదు. జుట్టులో పువ్వు కనిపించలేదు. ముఖం మీద ఒక పక్క వెలుగు, ఒక పక్క చీకటి మిగిలాయి.

ఎందుకిలా అయింది? ఒక పోలిక చెబుతాను. స్లైడ్‌ని చీకటి హాల్లో తెర మీద చూపించాలి. అక్కడ బొమ్మ కొట్టొచ్చినట్టు కనపడాలి. అందుకని స్లైడ్ ఫిలిం వెలుగుకి, నీడకి మధ్య తేడాని కాస్త పెంచేలా తయారుచేస్తారు. అంటే స్లైడ్ అప్పటికే ఉప్పు వేసిన కూర. దాన్ని మళ్ళీ అలాంటి ఫిలిం మీదే కాపీ తీస్తే ఏమవుతుంది? ఆ ఫిలిం తన ఉప్పు తాను మళ్ళీ వేస్తుంది. ఉప్పు వేసిన కూరకి మళ్ళీ ఉప్పు వేస్తే నోట్లో పెట్టుకోగలమా?

ఈ చిక్కు తీర్చడానికి ఫిలిం కంపెనీలు ఒక ప్రత్యేకమైన ఫిలిం తయారుచేశాయి. దాని పేరు స్లైడ్ డూప్లికేటింగ్ ఫిలిం. డూప్లికేట్ అంటే ఒకదాన్ని చూసి చేసిన రెండోది. అమెరికాలో కోడాక్, జపాన్‌లో ఫ్యూజీ ఈ ఫిలిం చేసేవి. ఇది ఉప్పు తక్కువ వేసే ఫిలిం. వెలుగు నీడల తేడాని తానుగా పెంచదు. స్లైడ్‌లో ఎంత ఉందో అంతే చూపించడానికి ప్రయత్నిస్తుంది. మామూలుగా మనుషుల్ని, ఊళ్ళని ఈ ఫిలిం మీద ఫోటో తీస్తే బొమ్మ చప్పగా వస్తుంది. కాపీ పనికి మాత్రం ఇదే సరైనది. ఏ పనికి ఆ పనిముట్టు. కొడవలి ఉందని దానితో ముల్లు తీయం కదా!

దీపానికీ రంగు ఉంటుంది

రెండో చిక్కు వెలుతురుతో వస్తుంది. చీరల కొట్లో బల్బు కింద చూసిన చీర రంగు ఒకటి. ఇంటికి తెచ్చి ఎండలో చూస్తే ఇంకొకటి. మీరు కూడా గమనించే ఉంటారు. పాత కాలపు వేడి బల్బు వెలుగు పసుపుగా ఉంటుంది. మిట్టమధ్యాహ్నపు వెలుగు తెల్లగా ఉంటుంది. నీడలో వెలుగు కాస్త నీలంగా ఉంటుంది. మన కన్ను సర్దుకుపోతుంది. ఫిలిం సర్దుకోదు. దీపం రంగు ఏదైతే అది బొమ్మకి అంటుకుంటుంది.

అందుకని కొన్ని డూప్లికేటింగ్ ఫిలింలు బల్బు వెలుగుకే సరిపడేలా చేసేవారు. అయినా చిన్న చిన్న తేడాలు వచ్చేవి. వాటిని సరిచెయ్యడానికి రంగు పలకలు వాడేవారు. వాటిని ఫిల్టర్లు అంటారు. పసుపు, రాణి రంగు, ఆకాశ నీలం అనే మూడు రంగుల్లో ఉండేవి. కాపీ మరీ నీలంగా వస్తే పసుపు ఫిల్టర్ పెట్టేవారు. ఆకుపచ్చగా వస్తే రాణి రంగు ఫిల్టర్ పెట్టేవారు. ఎర్రగా వస్తే ఆకాశ నీలం ఫిల్టర్ పెట్టేవారు. గంజిలో ఉప్పు సరిచూసినట్టు, చూస్తూ చూస్తూ సరిచేసేవారు.

ఫిలిం తయారైన విడతని బట్టి కూడా రంగు కొంచెం మారేది. అందుకే పనివాళ్ళు ఒకే విడత ఫిలిం ఒకేసారి కొని ఫ్రిజ్‌లో దాచుకునేవారు.

పని ఎలా జరిగేది?

స్లైడ్ కాపీ తీసే పని వరసగా ఇలా ఉండేది.

మొదట స్లైడ్ మీది దుమ్ము తీసేవారు. మెత్తటి బ్రష్షుతోనో, గాలి ఊదే రబ్బరు బుడ్డితోనో తీసేవారు. కంటికి కనపడని నలుసు కూడా తెర మీద ఈగంత కనిపిస్తుంది మరి.

తరవాత స్లైడ్‌ని పాలలాంటి తెల్ల గాజు మీద పెట్టేవారు. కింద నుంచి దీపం వేసేవారు. తెల్ల గాజు వల్ల వెలుతురు అంతటా సమానంగా పరుచుకుంటుంది.

పైన కెమెరాని నిటారుగా బిగించేవారు. కెమెరా ఒక పక్కకి వాలితే బొమ్మ కూడా వాలిపోతుంది. డూప్లికేటింగ్ ఫిలిం చాలా నెమ్మది. దానికి వెలుతురు బాగా కావాలి. ఒక్కో బొమ్మకి ఒక సెకను దాకా వెలుతురు పట్టేది. అంతసేపూ కెమెరా కదలకూడదు. బల్ల కూడా కదలకూడదు.

ముందు రెండు మూడు బొమ్మలు తీసి, కడిగి, అసలు స్లైడ్ పక్కన పెట్టి చూసేవారు. రంగు కుదిరాక మిగతావి తీసేవారు. ఒక్కసారికే కుదిరిందని నమ్మేవారు కాదు.

ఇప్పుడు డూప్లికేటింగ్ ఫిలిం తయారు కావడం లేదు. కోడాక్రోమ్ తయారీని కూడా ఆపేస్తున్నామని కోడాక్ కంపెనీ 2009లో ప్రకటించింది. ఇప్పుడు స్లైడ్లని కంప్యూటర్‌లోకి ఎక్కిస్తున్నారు. ఫిలిం పోయింది కానీ ఆ పనివాళ్ళ పద్ధతి పాతబడలేదు. దుమ్ము తీయాలి. సమానమైన వెలుతురు ఉండాలి. కెమెరా నిటారుగా ఉండాలి. కాపీని అసలు పక్కన పెట్టి చూడాలి. ఈ నాలుగూ ఈనాటికీ పనికొస్తాయి.

కాపీకి కాపీ తీస్తే

ఎంత జాగ్రత్తగా తీసినా కాపీలో కొంచెం పోతుంది. ఆ కాపీ చూసి ఇంకో కాపీ తీస్తే ఇంకొంచెం పోతుంది. నాలుగైదు చేతులు మారేసరికి ముఖం మసకబారుతుంది. కబురు కూడా ఇంతే కదా! సంతలో విన్న మాట ఊళ్ళోకి వచ్చేసరికి వేరే మాట అవుతుంది.

మనకి దగ్గరి సంగతి ఒకటి చూద్దాం. అల్లూరి సీతారామరాజు 1922 ఆగస్టులో చింతపల్లి పోలీసు స్టేషన్ మీద దాడితో తిరుగుబాటు మొదలుపెట్టాడు. 1924 మే 7న మన కొయ్యూరులోనే తెల్లవాళ్ళు ఆయన్ని కాల్చి చంపారు. ఆయన సమాధి కృష్ణదేవిపేటలో ఉంది. 1986లో తపాలా శాఖ ఆయన పేరున తపాలా బిళ్ళ వేసింది. 2022లో ఆయన పేరుతో కొత్త జిల్లా వచ్చింది. మన కొయ్యూరు ఆ జిల్లాలోనే ఉంది.

ఆయన బొమ్మ బడి గోడల మీద, కేలండర్ల మీద, విగ్రహాల్లో మనం చూస్తూనే ఉంటాం. ఒక బొమ్మకీ ఇంకో బొమ్మకీ ముఖంలో పోలిక తక్కువ. ఒక దాంట్లో గడ్డం పెద్దది. ఒక దాంట్లో కళ్ళు వేరు. ఒక బొమ్మ చూసి ఇంకొకరు గీస్తారు. అది చూసి మరొకరు గీస్తారు. చెయ్యి మారినప్పుడల్లా ముఖం మారుతుంది. అంత గొప్పవాడి ముఖమే అలా మారిపోతుంటే, మన అవ్వ ముఖం సంగతి ఏమిటి? ఆమె బొమ్మ గీసేవాళ్ళు కూడా ఉండరు. ఉన్న ఒక్క ఫోటోనే ఆధారం.

అందుకే ఒక మాట గట్టిగా గుర్తుంచుకోండి. ఎప్పుడు కాపీ తీసినా అసలు ఫోటో నుంచే తీయించండి. కాపీ నుంచి కాపీ తీయించకండి.

ఆడవాళ్ళ స్టూడియో

అసలు జాగ్రత్తగా ఉంటే ఎంత మేలో చెప్పే సంగతి ఇంకొకటి ఉంది. హైదరాబాదులో నిజాం కాలంలో రాజా దీన్ దయాళ్ అనే పెద్ద ఫోటోగ్రాఫర్ ఉండేవాడు. ఆ రోజుల్లో గొప్పింటి ఆడవాళ్ళు ఘోషా పాటించేవారు. పరాయి మగవాడి ముందుకి వచ్చేవారు కాదు. మరి వాళ్ళకి ఫోటో ఎలా తీయాలి? 1892లో దీన్ దయాళ్ ఆడవాళ్ళ కోసమే ఒక స్టూడియో తెరిచాడు. దాన్ని జనానా స్టూడియో అనేవారు. అక్కడ ఫోటో తీయడానికి కెన్నీ లెవిక్ అనే ఇంగ్లీషు ఆమెని పెట్టాడు. అంటే నూట ముప్పై ఏళ్ళ కిందటే మన తెలుగు నేల మీద ఒక ఆడమనిషి కెమెరా పట్టి పని చేసింది!

దీన్ దయాళ్ 1905లో చనిపోయాడు. ఆయన కాలంలో నెగటివ్‌లు ప్లాస్టిక్ మీద ఉండేవి కావు. గాజు పలకల మీద ఉండేవి. చెయ్యి జారితే పగిలిపోతాయి. అయినా ఆయన నెగటివ్‌లు రెండు వేలకు పైగా ఇప్పుడు ఢిల్లీలో ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రంలో ఉన్నాయి. అసలు నెగటివ్ నిలిచింది కాబట్టి వందేళ్ళ తరవాత కూడా కొత్త ఫోటో వేసుకోవచ్చు.

మన ఇంటి ఫోటోకి కాపీ ఎలా తీయాలి?

ఇప్పుడు చాలా ఇళ్ళల్లో కెమెరా ఉన్న ఫోను ఉంది. కొడుకు దగ్గరో, కూతురి దగ్గరో ఉంటుంది. వాళ్ళని అడగండి. మీరే నేర్చుకుంటే ఇంకా మంచిది.

1. మెత్తటి పొడి గుడ్డతో పైపైన దుమ్ము తుడవండి. నీళ్ళు తగలనివ్వకండి. ఫోటో మీద ఉన్నది జిగురు పూత. తడిస్తే ఉబ్బుతుంది, అంటుకుంటుంది.

2. ఫోటో అద్దానికి అతుక్కుపోయి ఉంటే లాగకండి. లాగితే ముఖం అద్దానికే ఉండిపోతుంది. అద్దం మీదుగానే ఫోటో తీయండి.

3. ఫోటోని గుమ్మం దగ్గర నీడలో, చదునైన చోట పెట్టండి. ఎండలో పెట్టకండి. ఫోనులోని ఫ్లాష్ దీపం ఆపండి. ఫ్లాష్ వేస్తే ముఖం మీద తెల్ల మచ్చ పడుతుంది.

4. ఫోనుని ఫోటోకి సరిగ్గా పైన పట్టుకోండి. నాలుగు అంచులూ సమానంగా కనపడాలి. మీ నీడ ఫోటో మీద పడకూడదు.

5. ఊపిరి బిగబట్టి రెండు మూడు తీయండి. తీశాక పెద్దది చేసి చూడండి. కళ్ళు స్పష్టంగా ఉన్నాయా? అసలు పక్కన పెట్టి చూడండి.

6. వాట్సాప్‌లో ఫోటోగా పంపితే దాని నాణ్యత తగ్గుతుంది. డాక్యుమెంటుగా పంపితే తగ్గదు. ఇద్దరు ముగ్గురి ఫోనుల్లో ఉంచండి. ఒక ఫోను పోయినా ఇంకో దాంట్లో ఉంటుంది.

7. నర్సీపట్నం వంటి ఊరికి వెళ్ళినప్పుడు స్టూడియోలో ఒక ప్రింటు వేయించండి. గోడకి ఆ ప్రింటు పెట్టండి. అసలు ఫోటోని కాగితంలో చుట్టి, చెమ్మ తగలని రేకు పెట్టెలో దాచండి.

స్టూడియోలో ఇస్తే "మా ముందే కాపీ తీసి, అసలు ఇచ్చెయ్యండి" అని అడగండి. అలా అడగడం తప్పు కాదు. అసలు అక్కడ వదిలి రావలసి వస్తే రసీదు తీసుకోండి. రసీదు మీద ఏం రాశారో చదవండి. మనకి ఇప్పుడు చదవడం వచ్చు కదా!

రంగు ఎందుకు వెలుస్తుంది?

కొన్ని ఇళ్ళల్లో ఒక వింత కనిపిస్తుంది. తాతల కాలపు నలుపు తెలుపు ఫోటో బాగుంటుంది. ఆ తరవాత తీసిన రంగుల పెళ్ళి ఫోటో ఎర్రబడి ఉంటుంది. నలుపు తెలుపు ఫోటోలో బొమ్మ వెండితో ఏర్పడింది. అది గట్టిది. రంగుల ఫోటోలో బొమ్మ అద్దకం రంగులతో ఏర్పడింది. చీర రంగు వెలిసినట్టు అవీ వెలుస్తాయి. మూడు రంగులూ ఒకేలా వెలవవు. ముందుగా నీలం వెలిస్తే ఎరుపు మిగులుతుంది. అందుకే రంగుల ఫోటోలకి ముందు కాపీ తీయించండి. వెలిసిపోయాక తీస్తే వెలిసిన బొమ్మే వస్తుంది.

కాగితాలకీ ఇదే మాట

ఫోటోకి చెప్పిన మాట పొలం కాగితాలకీ వర్తిస్తుంది. 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం ఇచ్చే పట్టా పెళ్ళయిన వాళ్ళకి భార్యాభర్తలిద్దరి పేరునా ఉండాలి. అంటే ఆ కాగితం మీద మీ పేరు ఉండాలి. చదివి చూసుకోండి. దానికి కాపీలు తీయించండి. ఎవరైనా అడిగితే కాపీ ఇవ్వండి. అసలు మీ దగ్గర ఉంచుకోండి.

వెనక పేరు రాయండి

ఆఖరుగా ఒక పని. ఫోటో తిప్పండి. వెనక ఏముంది? చాలా ఫోటోల వెనక ఏమీ ఉండదు. ఇంట్లో పెద్దవాళ్ళు పోయాక ఆ ముఖం ఎవరిదో చెప్పేవాళ్ళు ఉండరు. ఎంత మంచి కాపీ తీసినా పేరు రాదు. పేరు మనమే రాయాలి.

పెన్ను వాడకండి. సిరా ముందు వైపుకి దిగుతుంది. మెత్తటి పెన్సిల్‌తో, అంచు దగ్గర, ఒత్తకుండా రాయండి. ఎవరు? ఏ ఊరు? ఏ సంవత్సరం? ఈ మూడూ రాస్తే చాలు. పెన్సిల్ గీత పడని నున్నటి ఫోటో అయితే వేరే కాగితం మీద రాసి దానితో పాటు దాచండి.

నిన్నటి దాకా వేలిముద్ర వేసిన చేత్తోనే ఈ పని చెయ్యండి. మీ అమ్మ పేరు మీ చేతిరాతతో ఉంటుంది. మీ మనవరాలు అది చదువుతుంది.

గుర్తుంచుకోండి

అసలు ఒక్కటే. కాపీలు ఎన్నైనా.
కాపీ ఎప్పుడూ అసలు నుంచే తీయాలి.
నీడ వెలుతురు మంచిది. ఫ్లాష్ వద్దు.
అసలు దాచాలి. కాపీ వాడాలి.
వెనక పేరు, ఊరు, సంవత్సరం రాయాలి.

మాట్లాడుకోండి

1. మీ ఇంట్లో అన్నిటికన్నా పాత ఫోటో ఎవరిది? దానికి కాపీ ఉందా?
2. స్లైడ్‌ని మామూలు ఫిలిం మీద కాపీ తీస్తే ఎందుకు బాగా రాదు?
3. ఫోటో వెనక ఏమేం రాయాలి? ఒక కాగితం మీద రాసి చూపించండి.